ఈఎంసీ పరీక్షలో పరికరం తప్పితే

యూరప్‌కు పంపే పరికరం విద్యుదయస్కాంత అనుకూలత (ఈఎంసీ: ఇతర పరికరాలకు ఆటంకం కలిగించకుండా, వాటి ఆటంకాన్ని తట్టుకుంటూ పనిచేయడం) ఆదేశం 2014/30/ఈయూకు తగినట్టుందని తయారీదారే నిరూపించాలి. నోటిఫైడ్ బాడీని, అంటే అధికారికంగా గుర్తింపు పొందిన మదింపు సంస్థను, ఆశ్రయించడం తప్పనిసరి కాదు. హార్మొనైజ్డ్ ప్రమాణాల (ఈయూ గుర్తించిన ఉమ్మడి యూరప్ ప్రమాణాల) ప్రకారం పరీక్షించి, ఫలితాలను సాంకేతిక ఫైలులో పెట్టి, పరికరం నిబంధనలకు తగినట్టుందని చెప్పే అనురూపతా ప్రకటనపై సంతకం చేసి, దాన్ని సూచించే సీఈ గుర్తు వేయవచ్చు. వైఫై వంటి రేడియో ఉంటే మాత్రం వర్తించేది 2014/53/ఈయూ.

సమస్య: గాలిలోకి వెలువడే ఉద్గారాలు పరిమితి దాటుతున్నాయి.

ఇళ్లలో వాడే కంప్యూటర్ తరగతి పరికరానికి ఈఎన్ 55032 అనే ఉద్గారాల ప్రమాణంలోని క్లాస్ బి పరిమితి, 10 మీటర్ల దూరంలో 230 మెగాహెర్ట్జ్ వరకు 30 డీబీ మైక్రోవోల్ట్/మీటర్. 25 మెగాహెర్ట్జ్ క్లాక్ (బోర్డును నడిపే లయ సంకేతం) ఉన్న బోర్డుకు దాని బేసి గుణిజాలైన 75, 125, 175 మెగాహెర్ట్జ్ దగ్గర శిఖరాలు లేస్తాయి. అందరూ ముందు బోర్డునే అనుమానిస్తారు. నేనైతే కేబుల్‌ను చూడమంటాను. 75 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరు పొడవు తీగ పావు తరంగదైర్ఘ్యం, అంటే చక్కని యాంటెన్నా.

నిర్ధారణ: కేబుళ్లను ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఏది తీస్తే శిఖరం పడిపోతుందో అదే దోషి.

పరిష్కారం: కేబుల్ షీల్డును సన్నని తోకలా మెలిపెట్టి భూమికి కలిపి ఉంటే విప్పేయండి. షీల్డు చుట్టూ పూర్తిగా తాకే క్లాంపుతో లోహపు పెట్టెకు బిగించండి. క్లాక్ చిప్ పక్కనే చిన్న సిరీస్ రెసిస్టర్ పెడితే మూలంలోనే తగ్గుతుంది. కేబుల్‌కు తగిలించే ఫెర్రైట్ (రొదను అణచే అయస్కాంత పదార్థపు ఉంగరం) ఆ తర్వాతి మాట.

సమస్య: 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య కరెంటు తీగలో రొద.

ఫిల్టర్ ఉన్నా ఫలితం లేదంటే, దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలు ఒకే కట్టలో ఉన్నాయేమో చూడండి. వాటిని విడదీసి, పరికరం పెట్టెలోకి కరెంటు వచ్చే చోటే ఫిల్టర్‌ను బిగించండి.

సమస్య: 4 కిలోవోల్టుల స్థిరవిద్యుత్ తాకిడికి పరికరం స్తంభించిపోతోంది.

క్షణకాలం తడబడినా తనంతట తాను కోలుకుంటే సాధారణంగా సరిపోతుంది. స్విచ్ ఆపి మళ్లీ వేయాల్సి వస్తే తప్పినట్టే. తరచుగా కనిపించే కారణం పొడవైన రీసెట్ తీగ. ఆ పిన్ను పక్కనే చిన్న కెపాసిటర్ పెట్టండి.

సమస్య: ల్యాబ్‌లో నెగ్గిన నమూనా సరే, మార్కెట్లోంచి తీసిన పరికరం తప్పింది.

ఒక కారణం, అడాప్టర్‌కూ మాడ్యూల్‌కూ సీఈ ఉందని మొత్తం పరికరాన్ని పరీక్షించకపోవడం. విడి భాగాల గుర్తులు కలిపితే మొత్తానికి గుర్తు రాదు. ఇంకొకటి నన్ను ఎక్కువగా బాధించేది: ల్యాబ్‌లో ఆ సాయంత్రం హడావుడిగా తగిలించిన ఫెర్రైట్ కొనుగోలు జాబితాలోకి ఎక్కకపోవడం. ప్రతి మార్పునూ అదే రోజు డ్రాయింగులో, 10 ఏళ్లు దాచాల్సిన సాంకేతిక ఫైలులో నమోదు చేసి, మొదటి ఉత్పత్తిలోంచి ఒక పరికరాన్ని తీసి మళ్లీ కొలిపించండి.