పత్రికల్లో ‘హెల్డ్’ కనబడితే ముందు దాని తర్వాతి మాట చూడండి

అనంతపురం గ్రంథాలయాల్లో పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఇంగ్లిషు పత్రికలు తిరగేసేవారిని తరచుగా తికమకపెట్టే మాటల్లో ‘హెల్డ్’ ఒకటి. ‘పట్టుకున్నారు’ అనే ఒక్క అర్థంతో అన్నిచోట్లా పని జరగదు. ‘టూ హెల్డ్ విత్ గాంజా’ అనే శీర్షికలో దానికి అర్థం అరెస్టు, లేదా అదుపులోకి తీసుకోవడం. శీర్షికల్లో ‘వర్’ వంటి సహాయక క్రియను వదిలేయడం ఆనవాయితీ కాబట్టి, ఆ ఇద్దరూ గంజాయితో పట్టుబడినవారే గాని పట్టుకున్నవారు కారని గ్రహించాలి. ‘అరెస్టెడ్’కు ఇంగ్లిషులో 8 అక్షరాలు, ‘హెల్డ్’కు 4 మాత్రమే, ఇరుకైన కాలమ్‌లో శీర్షిక పెట్టేవారికి అదే ముద్దు. అయితే నేరం రుజువైందని ఈ మాట చెప్పదు. ‘హెల్డ్ ఫర్’ అని ఉంటే ఆ తర్వాత వచ్చేది ఆరోపణ మాత్రమే.

కోర్టు వార్తల్లో ‘హెల్డ్ దట్’ కనిపిస్తే ‘అని తీర్పు చెప్పింది’ అని చదువుకోవాలి. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు సవరణతో దెబ్బతీయజాలదని 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు ‘హెల్డ్’ అని రాస్తే, అక్కడ ఎవరినీ పట్టుకోలేదు. కర్నూలులో సమావేశం ‘హెల్డ్’ అంటే జరిగిందనే. మాసపత్రికల వ్యాసాల్లో ఎదురయ్యే ‘వైడ్లీ హెల్డ్ బిలీఫ్’ను ‘చాలామందికి ఉన్న నమ్మకం’గా తీసుకోవచ్చు.