రెడ్‌ఫిష్ కోసం నీళ్లలో దిగే ముందు

టెక్సస్ తీరంలో రాక్‌పోర్ట్, పోర్ట్ అరాన్సస్ చుట్టుపక్కల మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ, చేపను కంటితో చూశాకే గాలం విసిరే వేటకు వసంతం మంచి కాలం. పీతల కోసం రెడ్‌ఫిష్ తల కిందికి వంచి నేలను తవ్వుతుంటే, నల్లమచ్చ ఉన్న తోక నీళ్లపైకి లేచి ఊగుతుంది. దాన్ని చూశాక కాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్రమాదమంతా అక్కడే.

నీళ్లు వేడెక్కేకొద్దీ స్టింగ్‌రేలు, అంటే మన టేకు చేపలు, ఈ తీరానికి దగ్గరగా వచ్చేస్తాయి. ఇసుక కప్పుకుని పడుకుంటాయి కాబట్టి ఎంత వెతికినా కంటపడవు. అందుకే అడుగు ఎత్తి వేయకండి. పాదాన్ని నేలకు రాస్తూ జరపండి. ఆ అలికిడికి అవే తప్పుకుంటాయి. వాటి తోకకుండే విషపు ముల్లును మామూలు చెప్పులు, గుడ్డ బూట్లు ఆపలేవు. ఒకవేళ గుచ్చితే చర్మం కాలనంత వేడి నీళ్లలో, 45 డిగ్రీల సెల్సియస్ మించకుండా, 30 నుంచి 90 నిమిషాలు కాలు ముంచి ఉంచాలి; వేడికి ఆ విషం తీవ్రత తగ్గుతుంది. వేడిని గాయపడిన కాలితో కాదు, చేత్తో చూడాలి. ముల్లు లోతుగా దిగి ఉంటే పెరకవద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీలోనో పొట్టలోనో దిగితే వెంటనే అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి. పడవలో వేడి నీళ్ల ఫ్లాస్కు పెట్టుకుంటే నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి.

ఇక గాలి. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా తక్కువ. లోతును చాలావరకు గాలే శాసిస్తుంది. ఉత్తరపు గాలి గట్టిగా వీచిందంటే ఖాతంలో నీరు లాగేస్తుంది, పొద్దున తేలుతూ వచ్చిన పడవ బురదలో కూర్చుంటుంది. పడవను మోటారుతో బయటికి ఈడ్చాలని చూడకండి: సముద్రపు గడ్డిని ప్రొపెల్లర్‌తో వేళ్లతో సహా పెకలించడం టెక్సస్‌లో నేరం.

నీటి మీది మెరుపును తగ్గించే పోలరాయిడ్ కళ్లద్దాలు లేకుండా బయల్దేరడం దండగ. రాగిరంగు అద్దాలైతే మేలు. చేపతోపాటు ఆయిస్టర్ గుల్లల గుట్టలూ కనిపిస్తాయి, విసిరిన గాలం వెనక్కి వచ్చినా కంటికి రక్ష. ఉప్పునీటి అనుమతితో కూడిన లైసెన్సు, కొలపట్టీ దగ్గరుంచుకోండి. 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న రెడ్‌ఫిష్‌లు రోజుకు మూడే ఉంచుకోవచ్చు.

ఆ ఆయిస్టర్ గుల్లల అంచులు కత్తుల్లా కోస్తాయి. గోరువెచ్చని ఉప్పునీటిలో, గాయంలోంచి ఒంట్లోకి చేరి ప్రాణం మీదికి తేగల విబ్రియో బ్యాక్టీరియా ఉంటుంది. కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవాళ్లు మానని పుండుతో నీళ్లలో దిగనే కూడదు. కోసుకుంటే వెంటనే సబ్బు, మంచినీళ్లతో కడగండి. ఎరుపు, వాపు పెరుగుతున్నా జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, సముద్రపు నీళ్లలో దిగామని డాక్టరుకు ముందే చెప్పండి.