ఈత క్లాసుకు వెళ్లే టీచర్లు ఏం వేసుకోవాలి? ఒంటిపూట బడులకు ముందే చూసుకోండి

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. నెల్లూరు, ఒంగోలు వైపు ఎండ ఎలాంటిదో తెలిసిందే కాబట్టి, ఈత నేర్పించాలనుకునే బడులు పొద్దున్నే క్లాసులు పెట్టుకోవాలి. పిల్లలకైతే కాస్ట్యూమ్, టోపీ, కళ్లద్దాలు అని చీటీ రాసి ఇంటికి పంపిస్తారు. వెంట వెళ్లే టీచర్ల బట్టల గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. దాంతో రోజూ బడికి వచ్చే చీరలోనో చుడీదారులోనో వెళ్లి గట్టు మీద నిలబడతారు.

పూల్ దగ్గర డ్యూటీలో ఉన్న ప్రతి టీచరూ, నేర్పే వాళ్లయినా, గట్టు మీద కాపలా ఉన్న వాళ్లయినా, ఉన్నపళంగా నీళ్లలో దిగగలిగే బట్టల్లోనే ఉండాలి. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు అరవలేరు, చెయ్యి ఊపలేరు. నోరు నీటిలోకీ పైకీ అవుతూ నిలువుగా కొట్టుకుంటారు, నిమిషం లోపే కిందికి పోవచ్చు. కొంగు దోపుకుని, చున్నీ తీసి, ఫోను ఎవరికో ఇచ్చి దిగేసరికి ఆ నిమిషం అయిపోతుంది. గెడ అందించో, తాడు కట్టిన ట్యూబు విసిరో లాగడమే ముందు చేయాల్సిన పని. అవి అందనప్పుడు మాత్రం, ఈత వచ్చినవాళ్లు దిగక తప్పదు.

చీర ఎందుకు పనికిరాదో వివరంగా చెప్పుకోవాలి. తడిస్తే బరువెక్కి ముంచేస్తుందని చాలామంది అనుకుంటారు. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ బరువు అంతగా తెలియదు. కాళ్లకు చుట్టుకోవడమే అసలు ప్రమాదం. కుచ్చిళ్లు మోకాళ్ల మధ్యకు చేరతాయి, లోపలి లంగా గొట్టంలా కాళ్లను బిగించేస్తుంది, కాలు విడదీసి తన్నడానికి వీలుండదు. బరువు తెలిసేది గట్టెక్కేటప్పుడు. ఐదున్నర మీటర్ల గుడ్డ పీల్చుకున్న నీళ్లన్నీ ఒక్కసారిగా చేతుల మీద పడతాయి, నిచ్చెన మెట్టు మీద కాలు జారుతుంది. చున్నీది ఇంకో రకం ప్రమాదం. గాభరాపడిన పిల్ల చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుని పైకి ఎక్కబోతుంది, చున్నీ దొరికిందా, టీచరు మెడ బిగుసుకుంటుంది. జీన్స్, బెల్టు పెట్టిన ప్యాంట్లు, లుంగీలు కూడా వద్దు.

ఆడ టీచర్లకు మోకాళ్ల దాకానో మడమల దాకానో ఉండే ఫుల్ కాస్ట్యూమ్ మేలు. నిండు చేతులుంటే ఎండ నుంచీ కాపాడుతుంది. నైలాన్ 80, లైక్రా 20 పాళ్లున్న గుడ్డ ఒంటికి హాయిగా ఉంటుంది, కానీ క్లోరిన్‌కు తొందరగా సాగిపోతుంది. వారానికి మూడు నాలుగు రోజులు దిగేవాళ్లు పాలిస్టర్, పీబీటీ (క్లోరిన్‌ను తట్టుకునే ఒక రకం పాలిస్టర్) కలిపిన గుడ్డ తీసుకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది. గట్టు మీద ఉన్నంతసేపూ దాని మీద ముదురు రంగు టీషర్టు, పల్చటి పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు వేసుకోండి. ప్యాంటుకు వేలాడే నాడా కాకుండా ఎలాస్టిక్ ఉండాలి, ఒక్క లాగుతో ఊడిరావాలి. మగ టీచర్లకు మోకాలి దాకా ఒంటిని పట్టి ఉండే స్విమ్మింగ్ నిక్కరు సరిపోతుంది. జేబులున్న వదులు బెర్ముడాలో నీళ్లు నిండి ఈతకు అడ్డుపడతాయి.

రంగు కూడా చూసుకోవాలి. పూల్ అడుగు నీలం కాబట్టి నీలం, తెలుపు, బూడిద రంగులు నీళ్లలో కలిసిపోతాయి. నారింజ, చిలకపచ్చ, మెరిసే గులాబీ రంగులు దూరం నుంచి కూడా కనబడతాయి. పిల్లల టోపీలకూ ఇవే రంగులు కొనిపించండి.

కొత్త కాస్ట్యూమ్ వేసుకుని నేరుగా పూల్‌కు వెళ్లొద్దు. ముందు రోజు ఇంట్లోనే వేసుకుని రెండు బకెట్ల నీళ్లు ఒంటి మీద పోసుకోండి. అద్దం ముందు చేతులు పైకెత్తి, వంగి, గొంతుక్కూర్చుని చూసుకోండి. మెడ కిందికి జారుతోందా, నడుము దగ్గర పైకి లేస్తోందా, తడిసినచోట లోపలిది కనబడుతోందా? పాత కాస్ట్యూమ్ అయితే కూర్చునే భాగాన్ని రెండు చేతులతో సాగదీసి వెలుతురుకు పట్టండి. గుడ్డ జల్లెడలా పల్చబడి, తెగిన తెల్లటి ఎలాస్టిక్ పోగులు కనిపిస్తే పక్కన పెట్టేయాలి. ఇదంతా సోకు కాదు. నీళ్లలో తన బట్టలు సర్దుకుంటూ ఉండే టీచరు కళ్లు పిల్లల మీద ఉండవు.

మట్టిగాజులు తప్పనిసరిగా తీసేయాలి. పగిలిన ముక్క నీళ్లలో కనబడదు, ఒక్క ముక్క పడినా పూల్ ఖాళీ చేయించాల్సి రావచ్చు. తాళి తీయమని ఎవరినీ అడగక్కర్లేదు. కాస్ట్యూమ్ లోపలికి వేసి మెడ దాకా జిప్ పెట్టుకుంటే చాలు. వేలాడే జుంకాలు, ఉంగరాలు, పట్టీలు ఇంట్లోనే పెట్టి రండి. జడ గట్టిగా చుట్టి టోపీలో పెట్టాలి. నీళ్లు లాగే జాలీ మూత విరిగి ఉంటే వదులు జుట్టునూ, వేలాడే నాడాలనూ లోపలికి లాగేస్తుంది. దిగే ముందు జాలీలు సరిగ్గా ఉన్నాయో లేదో పూల్ వాళ్లను అడిగి చూసుకోండి. పూలు, పిన్నులు, తలకు నూనె ఆ పూటకు వద్దు.

మెడలో ఐడీ కార్డు తాడు ఉండకూడదు. విజిల్‌ను మణికట్టుకు కట్టుకోండి. ఫోన్లలో ఒక్కటి మాత్రం 108 కోసం గట్టు మీద బల్ల మీద ఉంచి, దాన్ని చూసుకునే మనిషిని పెట్టండి. నున్నటి హవాయి చెప్పులు తడి టైల్స్ మీద జారతాయి, అడుగున గాడులున్న రబ్బరు చెప్పులు వాడండి. ఎండ ముదిరాక వట్టికాళ్లతో సిమెంటు మీద నడిస్తే కాళ్లు కాలతాయి కూడా.

నెలసరి రోజుల్లో డ్యూటీ మార్చుకోవడానికి కారణం అడగని పద్ధతి బడిలో ఉండాలి. పిల్లలు బట్టలు మార్చుకునే గదిలో టీచర్లు మార్చుకోకూడదు.

ఇంటికొచ్చాక కాస్ట్యూమ్‌ను వెంటనే మంచినీళ్లలో జాడించి, మెలితిప్పి పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయండి. తడిదాన్ని ప్లాస్టిక్ కవర్లో రాత్రంతా ఉంచితే లైక్రా తొందరగా పాడవుతుంది.

ఈ బట్టలున్నాయి కదా అని పిల్లల్ని మైపాడుకో కొత్తపట్నానికో తీసుకెళ్లి సముద్రంలో దించొద్దు. పెన్నలో ఇసుక తవ్విన గుంతల దగ్గరకు అసలే వద్దు. మోకాలి లోతున్న నీళ్లు పక్క అడుగులోనే నిలువెత్తు లోతు అవుతాయి.