జలపాతం దగ్గర ఫోటోలు మసకబారకుండా

జలపాతం ముందు ఫోన్ తీయగానే తుంపర లెన్స్ మీద పడి ఫోటోలన్నీ మసకగా వస్తాయి. చొక్కా అంచుతో తుడిస్తే ఇంకా అలుముకుంటుంది.

కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలు రెండు తీసుకెళ్లండి, జిప్ కవర్లలో విడివిడిగా. ఒకటి తడి పీల్చడానికి, రెండోది చివర్లో తుడవడానికి. రెండోది తడిస్తే ఇక పనికిరాదు. గాలి వీపు వైపు నుంచి వీచే చోట నిలబడండి, సగం ఇబ్బంది అక్కడే తీరుతుంది. ఫ్రేమ్ కుదిరేదాకా లెన్స్ మీద గుడ్డ కప్పి ఉంచి, గుడ్డ తీసిన వెంటనే వరసగా నాలుగైదు ఫోటోలు కొట్టేయండి.

ఏసీ కారులో వెళ్తే చేరడానికి 15 నిమిషాల ముందే ఏసీ ఆపాలి. చల్లబడిన లెన్స్‌కి బయటి తేమ ఆవిరిలా పట్టేస్తుంది.

ఆవిరి లెన్స్ అద్దం లోపల కనిపిస్తే మాత్రం తుడిచినా పోదు. వెంటనే ఫోన్ ఆపేసి, పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి.