మట్టి సరే, ముందు సంచి చూడండి

పోయిన వారం చేవెళ్ల వైపు పాడి రైతు ఒకాయన మట్టి పరీక్ష రిపోర్టు పట్టుకొచ్చాడు. భాస్వరం 'ఎక్కువ' అని ఉంది. ఆ కాగితం నమ్మి నిరుడు సూపర్ ఫాస్ఫేట్ వేయడం మానేశాడు. పశువుల మేతకు వేసిన స్టైలో చీలమండ ఎత్తు దాటలేదు. మట్టి దేంట్లో తీసుకెళ్లావని అడిగాను.

"ఖాళీ డీఏపీ సంచిలో అన్నా. బాగనే దులిపిన."

కొంప ముంచింది ఆ సంచే. డీఏపీ ఎరువులో భాస్వరం (P₂O₅ లెక్కన) 46 శాతం. ల్యాబ్‌కు ఇచ్చేది అరకిలో మట్టి. అందులో రెండు మూడు డీఏపీ పలుకులు కలిసినా చాలు, పస్తులున్న చేను కడుపు నిండినట్టు కనబడుతుంది. దులిపినా, కడిగినా ఎరువు సంచి ఎరువు సంచే. కొత్త పాలిథిన్ కవర్ వాడండి.

మన చుట్టుపక్కల ఎర్ర చల్కల్లో భాస్వరంతో పాటు గంధకం, జింకు, బోరాన్ కూడా తరచూ తక్కువే. స్టైలో, అలసంద, దశరథ గడ్డి నత్రజనిని వేరు బుడిపెల్లో తామే సంపాదించుకుంటాయి. కానీ భాస్వరం, కాస్తంత మాలిబ్డినం అనే సూక్ష్మపోషకం లేకపోతే ఆ బుడిపెలు పనిచేయవు. చాలామంది పసుపు రంగు చూసి యూరియా గుమ్మరిస్తారు. దాంతో బుడిపెలు మరీ బద్ధకిస్తాయి. పూత దశలో ఒక మొక్క పీకి బుడిపె కోసి చూడండి, లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టే.

నమూనా తొలకరికి ముందే, పొలం ఖాళీగా ఉన్నప్పుడే తీయాలి. ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా పలచగా గీకండి. కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి పారేస్తూ అరకిలోకి తేవాలి.

గట్టు పక్కన తీయకండి. చెట్టు కింద వద్దు. పెంటకుప్ప దగ్గర అసలే వద్దు. ఎర్రమట్టి, నల్లమట్టి కలపకండి. నీడలోనే ఆరబెట్టండి. గాల్వనైజ్డ్ బకెట్ వాడకండి, దాని పూతే జింకు. ఎరువు ముట్టిన చేత్తో మట్టి కలపకండి. గంధకం, బోరాన్ కూడా చూడమని అడిగి రాయించండి. బోరాన్ అంచనా మీద చల్లకండి, కొంచెం ఎక్కువైనా విషమే. ఎరువు సంచి వద్దు. సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాల్లో మాలిబ్డినం ఉండదు, దానికి మీ చేను మట్టితోనే కుండీలు పెట్టాలి: ఒకదానికి అన్ని పోషకాలూ, మిగతావాటికి ఒక్కొక్కటి మానేసి అలసంద వేయండి. ఏది మానేసిన కుండీ గిడసబారితే నేలలో దానికే కరువు. ఆ కుండీల మట్టి కూడా ఎరువు సంచిలో మోయకండి.