ఇంటర్‌ప్రెటర్ ఎర్రర్ మెసేజ్‌లు బాగుపడాలంటే

సొంతంగా ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రామ్‌ని చదివి నేరుగా నడిపించే సాఫ్ట్‌వేర్) రాసేవాళ్లు చాలామంది ఎర్రర్ మెసేజ్‌ల పని చివరికి నెట్టేస్తారు. తీరా అప్పటికి "సింటాక్స్ ఎర్రర్, లైన్ 14" అనడం తప్ప ఇంటర్‌ప్రెటర్‌కి ఇంకేమీ తెలిసి ఉండదు. మాటలు ఎంత మార్చినా లాభం లేదు, ముందు తప్పు ఎక్కడుందో దానికి గుర్తుండాలి.

కాబట్టి లెక్సర్‌తో, అంటే సోర్స్‌ని (రాసిన కోడ్‌ని) టోకెన్లనే చిన్న ముక్కలుగా విడగొట్టే భాగంతో, మొదలుపెట్టండి. ప్రతి టోకెన్ సోర్స్‌లో ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని రెండు అంకెలు దాచండి చాలు, లైన్, కాలమ్ ఎర్రర్ వచ్చినప్పుడు లెక్కేసుకోవచ్చు. టోకెన్ల అమరికను అర్థం చేసుకునే పార్సర్ ఆ అంకెల్ని ఏఎస్‌టీ (ప్రోగ్రామ్ నిర్మాణాన్ని చూపే చెట్టు) నోడ్‌లకు అందించాలి, బైట్‌కోడ్ (ఇంటర్‌ప్రెటర్ నడిపే చిన్న చిన్న ఇన్‌స్ట్రక్షన్లు) ఉంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చోటు రాసుకునే టేబుల్ విడిగా ఉంచాలి. 2022లో పైథాన్ 3.11 చేసింది ఇదే: అంతకుముందు ట్రేస్‌బ్యాక్‌లో (ఎర్రర్ ఏ దారిన వచ్చిందో చూపే జాబితాలో) లైన్ మాత్రమే తెలిసేది, ఇప్పుడు ఆ లైన్‌లో ఏ ముక్క దగ్గర తేడా వచ్చిందో కింద గుర్తులు పెట్టి మరీ చూపిస్తుంది. మెమరీ కాస్త ఎక్కువ తింటుంది, తిననివ్వండి.

ఆ గుర్తు పెట్టడంలోనే ఓ చిక్కుంది. బైట్ల లెక్కనే కాలమ్ అనుకుంటే, స్ట్రింగ్‌లో తెలుగు రాగానే గుర్తు ఎక్కడికో పోతుంది. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో "కి" అంటే క 3 బైట్లు, గుడి 3 బైట్లు, మొత్తం 6, స్క్రీన్ మీద చూస్తే ఒక్క అక్షరం. ట్యాబ్‌లతోనూ ఇదే గోల, కాకపోతే అక్కడ కింది లైన్‌లో కూడా ట్యాబే ప్రింట్ చేస్తే సరిపోతుంది.

ఇక మాటలు. "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఈఓఎఫ్" (అనుకోకుండా ఫైల్ అయిపోయింది) అంటే పార్సర్ రాసినవాడికి తప్ప ఎవరికి అర్థమవుతుంది? బ్రాకెట్ తెరిచినప్పుడల్లా దాని చోటు ఒక స్టాక్‌లో (చివర వేసింది ముందు తీసే జాబితాలో) వేసుకుంటే, ఫైల్ అయిపోయాక "7వ లైన్‌లో తెరిచిన బ్రాకెట్ మూయలేదు" అని చెప్పొచ్చు. పేరు దొరక్కపోతే స్కోప్‌లో ఉన్న, అంటే అక్కడ వాడుకోగలిగే, పేర్లతో లెవెన్‌స్టీన్ దూరం (ఒక పేరు మరోదానిగా మారాలంటే ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అనే లెక్క) చూసి "'మొత్త' లేదు, 'మొత్తం' అనబోయారా?" అని అడగండి. దూరం 2 దాటితే మాత్రం ఊరుకోండి, రెండు మూడక్షరాల పేర్లయితే 1 దాటినా సరే, ఎందుకంటే తప్పుడు సలహా కంటే ఏ సలహా లేకపోవడమే నయం.

ఒక సెమీకోలన్ పోయినందుకు స్క్రీన్ నిండా ఎర్రర్లు కురిపించొద్దు. తప్పు దొరికాక తర్వాతి స్టేట్‌మెంట్ మొదలయ్యేదాకా టోకెన్లు వదిలేయండి, అదీ కష్టమనిపిస్తే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోండి, ఇంటర్‌ప్రెటర్‌కి అది తప్పేం కాదు.

చివరగా, కావాలని తప్పులతో రాసిన ప్రోగ్రామ్‌లు ఒక ఫోల్డర్‌లో, ఒక్కోదాని పక్కన రావాల్సిన మెసేజ్ యథాతథంగా ఉన్న ఫైల్ పెట్టి, టెస్ట్‌లు నడిపినప్పుడల్లా రెండూ పోల్చి చూడండి. పార్సర్‌లో ఎక్కడ చెయ్యి పెట్టినా ఏ మెసేజ్ చెడిందో అప్పటికప్పుడే తెలిసిపోతుంది.