పల్స్ మోటారు రిపేరుకు కూర్చునే ముందు జాగ్రత్తలు

పల్స్ మోటారు అంటే ఒక బ్యాటరీ (నడిపేది) నుంచి కాయిల్‌కు ట్రాన్సిస్టరు ద్వారా విడివిడి పల్సులుగా కరెంటు ఇచ్చి అయస్కాంతాల చక్రాన్ని తిప్పుతూ, కాయిల్ వదిలే శక్తితో రెండో బ్యాటరీని (ఛార్జయ్యేది) ఛార్జి చేసే మోటారు. ముందు నడిపే బ్యాటరీ ప్లస్ తీగ ఊడదీయండి. ఆ తర్వాతే ఛార్జయ్యే బ్యాటరీ జోలికి వెళ్లాలి. తిరిగి బిగించేటప్పుడు ఛార్జయ్యేది ముందు, నడిపేది ఆఖరున. మోటారు తిరుగుతుండగా ఛార్జింగ్ తీగ వదిలితే కాయిల్‌లోని శక్తికి దారి ఉండదు, వోల్టేజీ వందల్లోకి ఎగురుతుంది. ఇందులో వాడే 2ఎన్3055 ట్రాన్సిస్టరు కలెక్టరు, ఎమిటరు కాళ్ల మధ్య తట్టుకునేది 60 వోల్టులే. ఆ రెంటి మధ్య చిన్న నియాన్ బల్బు కట్టండి. అది వెలిగిందంటే ఛార్జింగ్ వైపు ఎక్కడో తెగినట్టే.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి టెర్మినళ్లు త్వరగా చిలుము పడతాయి. సర్క్యూట్‌ను అనుమానించే ముందు వాటిని చూడండి. సెల్ మూతలు బిగించి, వంటసోడా నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి.

▢ నడిపే బ్యాటరీ ప్లస్ దగ్గరే 2 ఆంపియర్ల ఫ్యూజు.
▢ ట్రాన్సిస్టరు బేస్‌కు కట్టిన వేరియబుల్ రెసిస్టరు (తిప్పి నిరోధం మార్చేది) ఎక్కువ నిరోధం వైపు తిప్పి ఉంచాలి.
▢ 2ఎన్3055 లోహపు ఒళ్లే కలెక్టరు. వేడెక్కిందో లేదో చూడ్డానికైనా నడుస్తుండగా ముట్టుకోవద్దు.
▢ చక్రం మీది అయస్కాంతాలను ఒక్కొక్కటీ కదిపి చూడండి. జిగురు ఒక్కటే చాలదు, చుట్టూ ఫైబర్ టేపు వేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి.
▢ ముసురు పట్టిందని తలుపులు మూసి ఛార్జి చేయొద్దు, లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.
▢ లిథియం బ్యాటరీ దీనికి కట్టనే వద్దు.
▢ పల్సుల మధ్య మీటరు రీడింగు నమ్మకండి. మోటారు ఆపి, బ్యాటరీని కొన్ని గంటలు వదిలేసి కొలవండి; నిండిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 పైన నిలబడాలి. ఆపగానే కనిపించే 14 వోల్టులు చూసి, పెట్టిన శక్తికంటే ఎక్కువ వచ్చిందనుకునేవాళ్లు చాలామంది. అది కాసేపట్లో దిగిపోయే పైపై వోల్టేజీ.